ఊరు చెప్పని పచ్చాకు

మా చెన్నకేశవులు బావ దుకాణానికి బోర్డు లేదు. పలుపుతాళ్లు, మువ్వలు, మేకలకు మందు తాగించే గొట్టాలు గుమ్మానికి వేలాడుతుంటాయి. మార్కాపురంలో పలకల రాయి లారీలకెత్తి, ఒళ్లు హూనమయ్యాక నేను వచ్చి కూలబడేది ఆ గుమ్మం ముందరే.

ఆయన నాకు వరసకు బావ. పరిచయమైన రోజే "ఏ ఊరు? ఎవురి తాలూకా? మీ అమ్మగారిది ఏ ఊరు?" అని అడిగి అడిగి, మా మేనత్త తోడికోడలి పుట్టింటి దగ్గర ఒక ముడి పట్టుకున్నాడు. "అయితే నువ్వు నాకు బామ్మర్దివిరా ఎంకటేశా!" అని వీపు మీద చరిచాడు. ఆ చరుపుకు అప్పటిదాకా నొప్పి లేని చోట కూడా నొప్పి పుట్టింది.

ఆ దుకాణానికి ఎవరొచ్చినా ఈ దారి తప్పదు. తాడు కావాలని వస్తే తాడు తియ్యడు. "యా ఊరబ్బాయా?" అంటాడు. త్రిపురాంతకం పక్కన అంటే, "పక్కనంటే ఏ పక్క? తూర్పా, పడమరా?" అంటాడు. తాడు కోసం వచ్చినవాడు తాడుతోపాటు ఒక మామనో చిన్నాయననో వెంటబెట్టుకొని పోతాడు. మా పక్క అందరూ కొంచెం ఇట్లాగే ఉంటారు. ఆయన కొంచెం ఎక్కువ.

వయసులో ఉండగా ఆయన పలకల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర పనిచేశాడు. రాయిని పల్చగా చీల్చి, అంచులు కోసి, చెక్క చట్రం బిగించేవాళ్లకు అందించే పని. పొద్దున నల్లగా పోయినవాడు సాయంత్రానికి బూడిద రంగులో ఇంటికొచ్చేవాడట. పిల్లలు పలకలు పట్టుకోవడం తగ్గిపోయింది, ఫ్యాక్టరీలో షిఫ్టులూ తగ్గిపోయాయి. దుమ్ము మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లో మిగిలింది. ఇప్పుడు నాలుగు మాటలు వరసగా మాట్లాడితే ఐదో మాట దగ్గర దగ్గు వస్తుంది. దగ్గు ఆగినాక ఆ ఐదో మాట కూడా చెప్పే తీరతాడు.

భార్య పోయాక ఆయనకు మిగిలిన కాలక్షేపం మేకలు, ఫోను. ఫోనులో 'మంద' అని ఒక సైటు ఉంది. మేకల గురించి, గొర్రెల గురించి ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, తెలిసినవాళ్లు జవాబు రాస్తారు. ఒంగోలులో కొందరు కలిసి పెట్టారు. చూసుకునేది స్వర్ణలత అనే అమ్మాయి. బావ అందులో చేరిన కొన్నాళ్లకే పెద్దమనిషి అయిపోయాడు. ఎవరేం అడిగినా ముందు ఊరు అడుగుతాడు, తర్వాత మేక సంగతి చెబుతాడు. తన పేరు పక్కన దుకాణం గుర్తు, ఫోన్ నంబరు, ఇంటి పేరు, అమ్మగారి ఊరితో సహా పెట్టుకున్నాడు.

నిరుడు ఎండాకాలంలో ఆ సైటుకు ఒక తెగులు పట్టింది. కొత్తగా చేరినవాళ్లు కొందరు, ప్రశ్న కనపడగానే దాన్ని ఏఐకి ఇచ్చి, అది రాసిన జవాబును తెచ్చి తమ పేరుతో పెట్టడం మొదలుపెట్టారు. ఎందుకంటే ఎక్కువ జవాబులు రాసినవాళ్ల పేరు పైన కనపడుతుంది. అంతకు మించి దాంట్లో వచ్చేదేమీ లేదు. హనుమంతునిపాడు వైపు ఒకాయన అట్లాంటి జవాబు నమ్మి, గేదెకు పోసేంత మందు గొర్రెపిల్లకు పోశాడు. పిల్ల చచ్చిపోయింది. అప్పుడు స్వర్ణలత, పాతవాళ్లు కొందరిని కాపలా పెట్టింది. ఏది మనిషి రాసింది, ఏది ఏఐ రాసింది అని చూసి గుర్తు పెట్టాలి. ఏఐ అని గుర్తు పడితే ఆదివారం నాడు ఆ పేరు మీద ఉన్న జవాబులన్నీ తీసేస్తారు. మార్కాపురం, గిద్దలూరు వైపు కాపలా మా బావది.

ఆయనకు అంతకు ముందు ఏ పదవీ లేదు. ఫ్యాక్టరీలో మేస్త్రీని చేస్తామన్న సంవత్సరమే దగ్గు మొదలైందట. అందుకని ఈ కాపలాను చాలా గట్టిగా పట్టుకున్నాడు.

"ఇది చూడరా బామ్మర్దీ," అని ఫోను నా మొహం మీద పెట్టేవాడు. "మేకకు ఆలివ్ నూనె పట్టించాలంట. మన కొండల్లో ఏ దుకాణంలో ఉందిరా ఆలివ్ నూనె? నేనైతే ఆముదం తప్ప ఎరగను."

"ఆ కింద ఇంకేందో రాసినారే."

"మేకను చల్లని, గాలి బాగా వచ్చే ప్రదేశంలో ఉంచండి అంట. మే నెల్లో గిద్దలూర్లో చల్లని జాగా యాడుందో అది గూడ రాస్తే, మేకను ఇడ్సిపెట్టి మనమే పోయి కూసుందుము."

ఇట్లాంటివి తేలికే. తేలిక కానివాటికి ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. అనుమానమొచ్చిన పేరు కింద ఒకే మాట రాస్తాడు: మీదే ఊరు, ఎవురి తాలూకా? నిజం మనిషైతే వెంటనే చెబుతాడు. మాది ఫలానా, మా నాయన ఫలానా అంటాడు. రెండో మాటకో మూడో మాటకో చుట్టరికమో, కనీసం ఎరిగినవాళ్లో తేలతారు. కాపీ కొట్టి పెట్టేవాడు పలకడు, లేదంటే ఆ ప్రశ్నను కూడా తీసుకుపోయి ఏఐనే అడుగుతాడు. ఒకడు ఊరేదంటే ఆ ఊరి జనాభా ఎంతో, ఏ పంటలు పండుతాయో రాసి పెట్టాడు. బావ ఆ రోజంతా నవ్వాడు, దగ్గాడు, మళ్లీ నవ్వాడు.

"మనిషికి మనిషి చెప్పేటప్పుడు ముందు నువ్వెవురని అడుగుతాడు. అడక్కుండా గడగడా చెప్పేది మిషను. అంతే లెక్క."

స్వర్ణలతకు ఈ పద్ధతి నచ్చింది. సైటులో రూలు చేసేసింది. ఎవరి మీద అనుమానమొస్తే వాళ్లు తమ పేరు, ఊరు, ఎవరి తాలూకా అనేది అందరికీ కనపడేలా గడిలో నింపాలి. నింపితే మనిషి, లేకుంటే లేదు. తన మాట ఒంగోలులో రూలయిందని బావ ఆ వారం నాకు రెండు పూటలా టీ తాగించాడు.

అప్పుడు వచ్చింది పచ్చాకు సంగతి.

మందలో 'పచ్చాకు' అనే పేరుతో ఎవరో రెండేళ్లుగా జవాబులు రాస్తున్నారు. అసలు పేరు లేదు. ఫోటో చోట వేపరెమ్మ. జవాబు ఎప్పుడూ ఒకటే తీరు. 'మీ మేక ఎండిన జొన్న పిలకలు మేసి ఉంటే ఇలా చేయండి. కంది పొట్టు ఎక్కువ తిని ఉంటే ఇలా చేయండి. రెండూ కాకపోతే ఇలా చేయండి. లేవలేకపోతే ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ని కలవండి. ధన్యవాదాలు.' చిన్నపిల్లవాడు అడిగినా, ముసలాయన అడిగినా గారు అనే అంటుంది. తిట్టినా గారే. ఒక్కనాడు కూడా నువ్వెవరు, ఏ ఊరు అని అడిగింది లేదు.

ఇది ఏఐ, తీసెయ్యండి అని ఎవరో ఫిర్యాదు పెట్టారు. బావ చదివి చదివి తల ఊపాడు.

"అచ్చం మిషనేరా. వరసగా ఉంది, మర్యాదగా ఉంది, చివర్లో దండం గూడ పెడతంది. మనిషన్నాక ఒక్కసారన్నా ఇసుక్కోడా?"

"మా ఇంట్లో ఆడమేకకు కడుపుబ్బరం వస్తే పచ్చాకు చెప్పినట్టే చేసినాం బావా. ముందు కాళ్లు అరుగు మీద పెట్టి, ఎడమ డొక్క నిమిరినాం. లేచింది."

"మిషను గూడ ఒక్కోసారి నిజం చెప్తాది. దానికి తెలవకుండా చెప్తాది."

ఇంటికి పోయి ఈ ముక్క మా ఇంటిది పుష్పమ్మతో అంటే ఆమె కసురుకుంది. "మిషనో మడిసో, మేక లేసింది గదా! నీ నడుం నొప్పికి ఇన్నేళ్లుగా మడుసులే గదా మందిచ్చింది, ఏం లేసినావు నువ్వు?"

బావ మాత్రం పద్ధతి ప్రకారమే పోయాడు. పచ్చాకు పేరు కింద రాశాడు: మీదే ఊరు, ఎవురి తాలూకా?

జవాబు సాయంత్రానికి వచ్చింది. 'మేక సంగతి అడగండి అన్నా, చెబుతాను. నా సంగతి అవసరం లేదు.'

'మనిషయితే చెప్పేదానికేంది?' అని బావ రాశాడు.

'నేను మనిషినే. ఆదివారం నా జవాబులు తీసెయ్యొద్దు. రెండేళ్ల కష్టం అది. ఊరు మాత్రం చెప్పను.'

"చూసినావా! మిషను భయపడతంది!" అని బావ గుమ్మంలో కూర్చున్నవాళ్లందరికీ చదివి వినిపించాడు. కానీ గుర్తు పెట్టే మీట నొక్కబోయి ఆగాడు. చెప్పను అనే మాట ఆయనను ఇబ్బంది పెట్టింది. ఏఐ అబద్ధమన్నా చెబుతుంది, చుట్టూ తిప్పి అయినా చెబుతుంది. చెప్పను అని మొండికెయ్యడం అంతకు ముందు ఆయన చూడలేదు.

మర్నాడు దుకాణం నంబరుకు ఫోను వచ్చింది. ఆడమనిషి గొంతు. నేను పక్కనే ఉన్నాను.

"పచ్చాకును నేనే అన్నా. అనుమానముంటే వచ్చి కంటితో చూసుకోండి. ఒకటే మాట. చూసింది ఎక్కడా రాయొద్దు."

"యాడికి రావాలమ్మా?"

"దొనకొండ వైపు. బస్సు ఎక్కినాక ఫోన్ చెయ్యండి, ఏడ దిగాల్నో చెప్తా."

బావ ఫోను పెట్టేసి కొంచెంసేపు దాన్నే చూశాడు. "ఇప్పుడు గొంతు గూడ చేస్తన్నయంటరా మిషన్లు," అన్నాడు. "పోదాం పా. గొంతు చెయ్యొచ్చు గానీ, గుమ్మంలో నిలబడే మడిసిని చెయ్యలేదు గదా."

శనివారం నాకు లోడు లేదు. ఇద్దరం బస్సెక్కాం. కిటికీ బయట కంది చేలు సగం ఎండి, సగం పూతమీద ఉన్నాయి. బావ దారంతా ముందు సీటులో కూర్చున్నాయన ఊరు కనుక్కుంటూనే ఉన్నాడు. దిగేలోపల ఆయన బావకు పెదనాయన వరస అయ్యాడు.

దిగిన చోట చింతచెట్టు కింద ఒక ముసలాయన బీడీ తాగుతున్నాడు. మేకలకు టీకాలేసే ఆమె ఇల్లు ఏదని అడిగాం. ఫోనులో ఆమె అట్లాగే అడగమంది.

"ఎవురూ, ప్రేమకుమారి ఇల్లా?" అన్నాడు ముసలాయన. ఈ పేరు నేను పెట్టింది, దొనకొండ అన్నది కూడా నేను మార్చి చెప్పిందే. ఆయన అన్నది వేరే పేరు. "చర్చి దాటి, ఆ ఎనక సందు. మీకు ఆ ఈదిలో ఏం పని?"

"మేకల పని," అన్నాడు బావ.

"మీరెవురోళ్లు?"

ఎదుటివాళ్లను అడిగేదే తప్ప, ఆ ప్రశ్న బావను అట్లా ఎవరూ అడగగా నేను చూడలేదు. అడిగినా ఆనందంగా చెప్పేవాడే. ఆ పూట "మార్కాపురం నుంచి వచ్చినాం తాతా," అని మాత్రం అన్నాడు. తర్వాత నడక నెమ్మదించింది. దగ్గు వల్ల అనుకుంటాను, కాదేమో కూడా. ముసలాయన వేలు పెట్టి చూపించిన పక్క ఊరికి బయటగా ఉంది. ఆ పక్క ఎవరుంటారో మాకిద్దరికీ చెప్పనవసరం లేదు.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. జుట్టు ముందుభాగంలో తెల్లబడింది. నాపరాళ్లు నిలబెట్టి కట్టిన పంచలో మేకలు, వాటి ముందు వేపరెమ్మలు. మేం వస్తామని రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎవరింటి నుంచో తెచ్చి వేసింది. అవి ఒకే రంగువి కావు.

"కూసోండన్నా. ఎండలో వచ్చినారు."

లోపలికి పోయి రెండు కూల్‌డ్రింకు సీసాలు తెచ్చింది. మా ముందరే మూత తీసింది, ఆ చప్పుడు మాకు వినపడేలాగా. బావ తీసుకున్నాడు, నేనూ తీసుకున్నాను. నీళ్లకుండ గుమ్మం పక్కనే ఉంది. ఆమె దాన్ని చూపించలేదు. మేమూ అడగలేదు.

బావ మామూలుగా మొదలుపెట్టే మాట నోటి దాకా వచ్చి వెనక్కి పోవడం నాకు కనపడింది. అంతలో ఆమె ఫోను మోగింది. మందలో ప్రశ్న వచ్చింది. పుట్టిన మేకపిల్ల పాలు కుడవడం లేదట.

"రాసెయ్యనా? మీరు చూస్తరు గదా," అంది ఆమె.

అరుగు మీద కూర్చొని రాయడం మొదలుపెట్టింది. పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం నొక్కింది. ఒక మాట రాసి తుడిచింది. లేచి పంచలోకి పోయి, తన పిల్లమేక నోట్లో వేలు పెట్టి చూసి, వచ్చి మళ్లీ రాసింది. ఆ ఒక్క జవాబుకు పట్టిన సేపట్లో మా బావ సీసా ఖాళీ చేసి, రెండుసార్లు దగ్గి, మేకలన్నిటినీ పరీక్షగా చూసేశాడు.

"చిన్నగా రాస్తవమ్మా నువ్వు," అన్నాడు.

"ఏలు తిరగదన్నా. పది దాకా చదివినా గానీ, పాస్ గాలేదు."

"మరి అంత నీటుగా ఎట్ల వస్తాది? మిషను రాసినట్టు?"

ఆమె నవ్వింది. "టీకాల ట్రైనింగ్‌లో కాగితాలిచ్చినారు. అట్లనే ఉండేవి. ఇది తింటే ఇది, అది తింటే అది. అన్నీ ముందే రాసేస్తే మళ్లీ నన్నేమీ అడగాల్సిన పన్లేదు గదా."

"అడిగితే ఏమైతదమ్మా? మనం అడుక్కుంటాం గదా. ఊరు అడుగుతాం, తాలూకా అడుగుతాం. మాటా మాటా కలుస్తాది."

"కలిసేవాళ్లకు కలుస్తాదన్నా."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. మేక చెవిలో రక్తం తాగే గోమారి పురుగు ఉందేమోనని వెతుకుతూ అంది.

"నన్ను గూడ అడుగుతరు," అంది. "ముందు ఊరు. తర్వాత ఊర్లో ఏ పక్క. తర్వాత మా నాయన పేరు. మూడో మాటకు తెలిసిపోతాది. ఇంక నాలుగో మాట ఉండదు."

ఆమె చేతికి దొరికిన గోమారిని గోటితో నలిపి పారేసి, మళ్లీ చెప్పింది. మొదట్లో ఐసుపెట్టె భుజాన వేసుకొని ఊరూరా తిరిగి టీకాలు వేసేదట. ఒక ఊర్లో పెద్ద మంద. దొడ్డి తలుపు దగ్గరే ఆ ఇంటాయన నిలబెట్టి వివరం అడిగాడు. అడిగినాక, "నువ్వీడనే ఉండి చెప్పమ్మా, మా జీతగాడు పొడుస్తాడు," అన్నాడు. పొద్దుగూకేదాకా తలుపు బయట నిలబడి చెప్పింది. ఆ జీతగాడికి సూది పట్టడం రాదు. మేకలు అరుస్తుంటే చూస్తూ నిలబడింది.

"ఆయన ఇప్పుడు మందలో ఉన్నాడు. ఆయన పేరు నాకు కనపడతాది. ఏదొచ్చినా నన్నే అడుగుతాడు. పచ్చాకు గారూ అంటాడు. నేను చెప్తా, ఆయన చేస్తాడు, మేకలు బాగుంటయి." చేతులు చీరకు తుడుచుకుంది. "ఆయన్ని ఏడిపించాలని గాదన్నా. నాకా దొడ్డిలోకి పోయినట్టుంటాది, అంతే."

పంచలో ఒక మేక ముందు కాళ్లు ఎత్తి నాపరాయి మీద పెట్టి మా వైపు చూసింది. ఆమె దాన్ని "దిగవే" అని అదిలించింది.

"మీరిప్పుడు మనిషే అని రాస్తరు గదా," అంది. "ఆ గడి ఉంది చూడండి, ఊరు, తాలూకా. అది నింపాల్సొస్తే మీరు తీసేసే పని లేదు. నేనే తీసేసుకుంటా అన్నీ."

"నింపకుండా మనిషి అంటే స్వర్ణలతమ్మ ఒప్పుకోదు."

"అది మీరూ మీరూ చూసుకోండన్నా. నేను చెప్పేది చెప్పినా."

తిరుగు బస్సు ఎక్కాం. బావ పక్క సీటాయన ఊరు అడగలేదు. సగం దారి వచ్చాక నా వైపు తిరిగాడు.

"నీకూ నాకూ ముడి దొరికింది గదరా ఆ రోజు. దొరక్కపోయుంటే?"

"తాడు కొనుక్కొని పోయేటోణ్ణి."

"అంతేనంటావా?"

"అంతే గదా బావా. నువ్వు మంచినీళ్లు గూడ ఇచ్చేటోడివి గాదు."

ఇంకో రోజైతే నన్ను బస్సులోనుంచి తోసేసేవాడు. ఆ పూట కిటికీలోంచి బయటకు చూస్తూ దగ్గాడు.

ఆదివారం పొద్దున్నే స్వర్ణలతకు ఫోన్ చేశాడు. నేనూ వినేలా స్పీకరు పెట్టి, ఫోను తాళ్ల చుట్ట మీద పెట్టాడు.

"అంకుల్, పచ్చాకు సంగతి తేలిందా? మధ్యాహ్నం తీసేస్తున్నాం."

"తియ్యొద్దమ్మా. మనిషే. నేను పోయి చూసినా."

"అవునా! మంచిది అంకుల్. అయితే ఊరు, వివరాలు గడిలో నింపెయ్యండి."

"అది నింపేది లేదు."

"అదేంటి అంకుల్? ఎవరావిడ?"

"ఆవిడని నేనన్నానా?" అన్నాడు బావ కంగారుగా. తర్వాత నుదురు తుడుచుకున్నాడు. "మనిషమ్మా. కళ్లతో చూసినా, కూసోని మాట్లాడినా. అంతకన్న అడగొద్దు."

"మరి రూలు పెట్టించింది మీరేగా! ఊరు చెప్పనివాళ్లు మనుషులే కాదన్నారు. ఇప్పుడు ఒకరికి వదిలేస్తే రేపు దొంగ జవాబులు పెట్టేవాళ్లంతా మేమూ చెప్పం అంటారు. మళ్లీ ఇంకెవరి గొర్రెపిల్లో చస్తుంది. అప్పుడెవరిని అడగమంటారు నన్ను?"

ఆ అమ్మాయి చెప్పింది న్యాయమే. బావ తాడు కొస పీకుతూ కూర్చున్నాడు.

"అంకుల్, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. అది తప్పు రూలు. నేను చెప్పిందే, తప్పు."

"ఏం తప్పుంది అందులో?"

"చెప్పుకోగలిగినోళ్లకే అది రూలు. చెప్పుకోలేనోళ్లు మిషన్ల లెక్కలోకి పోతన్నారు."

ఆ అమ్మాయికి సగం అర్థమయి ఉంటుందనుకుంటాను. మిగతా సగం అడగకపోవడం ఆమె మంచితనం.

"మరి ఏఐ రాసిందా, మనిషి రాసిందా అనేది ఎట్లా తేల్చాలి, మీరే చెప్పండి."

"నాకు తెలవదమ్మా," అన్నాడు బావ. తర్వాత దగ్గు వచ్చింది, చాలాసేపు వచ్చింది. నేను నీళ్లిచ్చాను. తాగి, మిగిలిన మాట చెప్పాడు. "తెలవదు గాబట్టి పోయి చూడాల్సిందే. ఊరు చెప్పనన్నవాళ్ల దగ్గరికి మనమే పోదాం. నేను పోలేని పక్కకు ఇంకెవురన్నా పోతరు. చూసొచ్చినోడు 'నేను చూసినా' అని తన పేరు రాయాల. వాళ్ల పేరు గాదు. అబద్ధమైతే చూసినోడి పేరే పోవాల."

"మీ ఆరోగ్యం ఏంటి, మీరు బస్సుల్లో తిరగడమేంటి?"

"బామ్మర్ది ఉన్నాడు గదా, మోసకొస్తాడు. వాడికి రాళ్లు మోసే అలవాటే."

నన్ను అడగనైనా అడగలేదు. స్వర్ణలత నవ్వింది, ఆలోచిస్తానంది. మధ్యాహ్నం దాటింది. బావ అన్నానికి పోలేదు. ఫోను పట్టుకొని, పచ్చాకు జవాబులున్న చోటును మాటిమాటికీ తెరిచి చూశాడు. అన్నీ అట్లాగే ఉన్నాయి. పొద్దు వాలాక ఆ పేరు పక్కన కొత్తగా ఒక వరస కనపడింది: 'మనిషి. చూసినవారు: చెన్నకేశవులు, మార్కాపురం.' దాని పక్కన ఉండే ఊరు, తాలూకా గడి లేదు. పచ్చాకుకే కాదు, ఎవరి పేరు పక్కనా లేదు.

ఆమె ఫోన్ చెయ్యలేదు. థాంక్సు లాంటిదేమీ రాయలేదు. ఆ సాయంత్రం గిద్దలూరు నుంచి ఎవరో గొర్రె కుంటుతోందని అడిగితే, గిట్టల మధ్య ముల్లు ఉంటే ఇలా, పుండు ఉంటే ఇలా అని వరసగా రాసి, చివర ధన్యవాదాలు పెట్టింది. బావ ఆ జవాబును ఎవరో తెలియని మనిషి రాసినట్టు మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి, ఫోను జేబులో పెట్టుకొని అన్నానికి లేచాడు.

తర్వాత మొదలైంది అసలు తిప్పలు. పచ్చాకును చెన్నకేశవులు చూశాడని పేరుతో సహా ఉంది గదా. తాడు కోసం వచ్చిన ప్రతివాడికీ అదే కుతూహలం. మొన్న పెద్ద మంద ఉన్నాయన ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చి, మువ్వలు ఏరుకుంటూ అడిగాడు.

"పచ్చాకును చూసొచ్చినావంట గదా చెన్నకేశవులూ? ఎవురంట?"

"మనిషి."

"అది సరేలేయ్యా. యా ఊరు? ఎవురోళ్లు?"

"నీకు తాడు ఎన్ని మూరలు గావాల?"

"నేనడిగేదేంది, నువ్వు చెప్పేదేంది! ఊరు చెప్తే కొంప మునుగుతాదా? పోయి కాళ్లకు దండం పెట్టొద్దామని గదా. నా మందను నిలబెట్టిన దేవుడు."

బావ తాడు కొలవడం మొదలుపెట్టాడు. ఒక మూర, రెండు మూరలు. ఆయన కొలుస్తూనే ఉన్నాడు, ఆ పెద్దమనిషి అసలు తాడు అడగనే లేదు. ఆయన చూసి చూసి నా వైపు తిరిగాడు.

"ఏం వెంకటేశూ, నువ్వు గూడ పోయినావంట గదా. నువ్వన్నా చెప్పు."

"పోయిన మాట నిజమే పెద్దాయనా," అన్నాను. "బస్సులో నిద్రపోయినా."